చిన్న మందిరమునకు ఎంత బేస్ చాలును?



మీ సంఘములోనికి కీబోర్డు వచ్చియుండును. దాని వెనుక రిథమ్ ప్యాడు వచ్చియుండును. ఆ తరువాత ఒక ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట యౌవనస్థులు నలుగురు మీ పాదిరిగారిని గుమ్మమునొద్ద నిలిపి, "అయ్యగారూ, మనకు బేస్ లేదు" అని చెప్పియుందురు. ఇంకను చెప్పనియెడల వచ్చే క్రిస్మసులోగా చెప్పుదురు. పాకాలలోని మా చిన్న సంఘములో ఈ మాట పుట్టి, కమిటీకి వచ్చి, మూడు నెలలు నలిగి, తుదకు ఒక పెట్టె రూపమున మందిరములో ప్రవేశించినది. ఆ మూడు నెలలలో నేను తెలిసికొన్న సంగతులు మీకును పనికివచ్చునని వ్రాయుచున్నాను. వేదాంత కళాశాలలో మాకు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్పిరి గాని సబ్‌వూఫర్ అను మాట ఎవరును నేర్పలేదు.

బేస్ అనగా నేమో పాకాల వారికి వేరుగా చెప్పనక్కరలేదు. మాది రైలు జంక్షను. ఒక దారి తిరుపతికి, ఒకటి చిత్తూరు మీదుగా కాట్పాడికి, ఒకటి పీలేరు, మదనపల్లె, కదిరి మీదుగా ధర్మవరమునకు పోవును. రాత్రివేళ బరువెక్కిన గూడ్సు బండి వచ్చునప్పుడు చెవికంటె ముందు ఎదకు తెలియును. గూటిలోని గ్లాసులు గలగలమనును. ఆ అడుగు ధ్వనియే బేస్. మనుష్యుని చెవి సెకనుకు 20 కంపనములు మొదలుకొని 20,000 వరకు వినగలదు. ఈ కంపనముల లెక్కకు హెర్ట్జ్ అని పేరు. సబ్‌వూఫర్ పని అందులో అట్టడుగున నున్న కొంచెము భాగము మాత్రమే, సుమారు 40 మొదలు 100 లేక 120 హెర్ట్జ్ వరకు. బేస్ గిటారులోని లావు తీగ 41 హెర్ట్జ్ వద్ద మ్రోగును. కాలితో కొట్టు పెద్ద డ్రమ్ము, కీబోర్డుమీద ఎడమచేతి క్రిందనుండు మెట్లు ఆ ప్రాంతమందే పలుకును.

మనుష్యుని మాట అక్కడ ఉండదు. పురుషుని కంఠము సుమారు 85 హెర్ట్జ్ వద్ద మొదలగును గాని, మాటను మాటగా చేయునవి హల్లులు. స, శ, త, ప, క మొదలగు హల్లుల గుర్తు చాలవరకు 2,000 హెర్ట్జ్‌కు పైన నుండును. ఆ పైభాగము చెవికి చేరనిచో పాదిరి పాపమనెనో, శాపమనెనో, తాపమనెనో విన్నవానికి తెలియదు. కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక 14వ అధ్యాయములో పౌలు బూరను గూర్చి చెప్పినది ఈ సందర్భమున నాకు తరచుగా జ్ఞాపకము వచ్చును. ఊదినది ఏమో తెలియకపోతే సిపాయి లేవడు గదా!

మా సంఘములో రైల్వే గ్యాంగులో పనిచేసి పెన్షను పుచ్చుకొనుచున్న పెద్ద ఒకరున్నారు. వయస్సుతో ఆయన చెవి మందగించినది. వయస్సు మొదట పై స్వరములను తీసికొనిపోవును. అడుగు స్వరములు చాలకాలము మిగులును. కావున డ్రమ్ము దెబ్బ ఆయనకు బాగుగా వినబడును, ప్రసంగము సగము వినబడును. ఇంటికి పోయిన తరువాత భార్యను, "అయ్యగారు ఏం చెప్పినాడే?" అని అడుగును. ఆమె వంట చేయుచు నా ప్రసంగమును మరల చేయును. నాకంటె క్లుప్తముగా చేయునని విన్నాను. పైగా, గట్టి అడుగు ధ్వని తన పైనున్న స్వరములను కప్పివేయును. ఇది చెవియొక్క నిర్మాణములోనే ఉన్నది. గనుక కమిటీలో నేను అడిగిన మొదటి ప్రశ్న ఇది: ఈ పెట్టె వచ్చిన తరువాత పెద్దాయనకు ప్రసంగము ఎక్కువ వినబడునా, తక్కువ వినబడునా?

రెండవ ప్రశ్న సొమ్మును గూర్చినది. మా స్త్రీల సమాజమువారు ఎసట బియ్యము పోయునప్పుడెల్ల ఒక పిడికెడు వేరుగా తీసి ఉంచుదురు. అట్టి పిడికిళ్లు రెండేండ్లు కూడగా వచ్చిన రూపాయలు ఇవి. వారిలో కూలిపని లేనినాడు పొయ్యి వెలిగించుటకే ఆలోచించువారు కలరు. ఆ సొమ్ముతో కొన్న వస్తువు ఆరు నెలలకు మూలబడినయెడల నేను వారి ముఖము ఎట్లు చూతును?

అయితే పిల్లకాయల మాటను త్రోసివేయుటకును నాకు మనసు రాలేదు. కీబోర్డు వాయించు పిల్లవాడు మెల్లగా అనెను, "అయ్యగారూ, నేను ఎడమచేత్తో వాయించేది ఎవురికీ వినపడ్డంలే." అది నిజము. సంవత్సరము కష్టపడి నేర్చుకొన్నదానిలో సగము గాలిలో కలిసిపోవుచున్నది. 150వ కీర్తన వ్రాసిన భక్తుడు కంఠమునొక్కదానినే పిలువలేదు. చర్మవాద్యములను, తాళములను గూడ పిలిచినాడు.

మాయొద్ద పది అంగుళముల స్పీకర్లు రెండు స్టాండ్లమీద నున్నవి. వాటికి రెండు పనులు ఒక్కసారే అప్పగించితిమి. స్వరము ఒక స్థాయి దిగినప్పుడెల్ల, అంతే గట్టిగా మ్రోగుటకు స్పీకరులోని కోను నాలుగింతలు ముందుకు వెనుకకు ఊగవలెను. అట్లు ఊగుచున్న కోనుమీదనే పాడువారి మాటయు ఎక్కవలెను. ఉయ్యాలలో కూర్చుండి వ్రాసిన అక్షరమువలె ఆ మాట వణకును. మోషే ప్రజల వ్యాజ్యెములన్నియు ఒంటరిగా తీర్చుచు అలసిపోవుచుండగా మామయైన యిత్రో చూచి, బరువును పంచిపెట్టుమని బుద్ధి చెప్పిన సంగతి నిర్గమకాండము 18వ అధ్యాయములో చదివియున్నారు. సబ్‌వూఫర్ వలని మేలు అట్టిదే. 100 హెర్ట్జ్‌కు క్రిందనున్న బరువు అది మోసినయెడల పై స్పీకర్లు తేలికపడి మాటను శుభ్రముగా పలుకును. నేను సమ్మతించినది ఈ కారణమును బట్టియే.

బరువు నిజముగా పంచబడవలెనంటే తీగలు ఆ ప్రకారము కలుపవలెను. మిక్సరు నుండి వచ్చు తీగ మొదట సబ్‌వూఫర్‌లోనికి పోయి, అక్కడ అడుగు స్వరములు కోయబడి, మిగిలినది పై స్పీకర్లకు పోవలెను. కొన్ని చవుక పెట్టెలలో ఆ కోత ఉండదు. వచ్చినది వచ్చినట్టే పైకి పంపివేయును. అప్పుడు ధ్వని పెరుగును గాని పాత స్పీకరు ఊగుట మానదు. కొనుటకు ముందు ఈ సంగతి అడుగుడి. అదిగాక, మిక్సరులో ప్రతి మైకునొద్ద లో కట్ అను చిన్న మీట ఉండునేమో చూడుడి. ప్రసంగపు మైకుకు, పాడువారి మైకులకు దానిని నొక్కి ఉంచినయెడల గాలి ఊదు శబ్దము, స్టాండుకు కాలు తగిలిన శబ్దము సబ్‌వూఫర్‌లో ఉరుములు కాక ఆగిపోవును. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇక పెట్టె కొలత. మా యౌవనస్థులు పెండ్లి ఊరేగింపులలో చూచిన 18 అంగుళముల పెట్టె కావలెననిరి. అమెరికాలో కె.యల్.హెచ్. అను స్పీకర్ల కంపెనీని 1957లో స్థాపించిన ముగ్గురిలో ఆంటన్ హాఫ్‌మన్ అనునతడు ఒకడు. ప్రసిద్ధ పియానో విద్వాంసుడైన జోసెఫ్ హాఫ్‌మన్ కుమారుడు. ఆయన పేరున సౌండ్ ఇంజనీర్లు ఒక ఇనుప నియమమును చెప్పుకొందురు. చిన్న పెట్టె, బాగా అడుగు స్వరము, కొద్ది కరెంటుతో గట్టి ధ్వని, ఈ మూడింటిలో ఏ రెంటినైనను కోరుకొనవచ్చును, మూడవది వదలుకొనవలెను. నేటి చిన్న పవర్డ్ పెట్టెలు ఈ నియమమును దాటలేదు. క్లాస్ డి అను తేలికపాటి యాంప్లిఫయరును లోపలనే అమర్చి, కరెంటు రూపమున వెల చెల్లించుచున్నవి, అంతే. మా మందిరము 40 అడుగుల పొడవు, 22 అడుగుల వెడల్పు. పండుగనాడు నూట ఇరువది మంది కూర్చుందురు. 45, 50 హెర్ట్జ్ వరకు నమ్మకముగా దిగు 12 అంగుళముల పెట్టె దీనికి చాలును. నేలను కదలించు స్వరములు మాకు అక్కరలేదు. 1974లో అమెరికాలో ఎర్త్‌క్వేక్ అను సినిమా వచ్చినప్పుడు, ప్రేక్షకుల క్రింద కుర్చీలు అదరవలెనని థియేటర్లలో పెద్ద పెద్ద బేస్ పెట్టెలు పెట్టిరి. భూకంపము చూపుటకు అది తగినదే. హోరేబులో ఏలీయాకు భూకంపము తరువాత ఏమి వినబడెనో మీకు తెలియును.

బరువును గూడ చూడవలెను. 18 అంగుళముల పెట్టె తరచుగా 40 కిలోలు దాటును; 12 అంగుళములది 20, 25 కిలోల ప్రాంతమున దొరకును. మేము పల్లెలలో కూటములకు ఆటోలో సామాను వేసికొని పోవువారము. మనిషి ఒంటరిగా ఎత్తలేని పెట్టె చివరకు మందిరమునకే కాపలా కాయును.

సరుకు చూచుటకు ఇద్దరు పిల్లకాయలతో చెన్నైలో మౌంటు రోడ్డు ప్రక్కనున్న రిచీ వీధికి వెళ్లితిని. ఒక దుకాణములో పేరు తెలియని కంపెనీ పెట్టెమీద 3,000 వాట్లు అని అచ్చువేసియుండెను. ప్రక్కనున్న పేరుగల కంపెనీ చిన్న పెట్టెపై దానిలో మూడవ వంతు లేదు, వెల మాత్రము ఎక్కువ. మావాడొకడు నా చెయ్యి గిల్లెను. చదువరీ, ఈ వాట్ల అంకెను చూచి మోసపోకుడి. పీక్ అని వ్రాసినది రెప్పపాటు కాలము పోగలిగిన శక్తి. నిలకడగా ఇయ్యగల శక్తి దానిలో సగమో అంతకంటె తక్కువయో ఉండును. అది నిజమైనను, వాట్లు రెట్టింపైనప్పుడు ధ్వని పెరుగునది 3 డెసిబెల్లు మాత్రమే. చెవికి అది కొంచెము హెచ్చినట్టు తోచును, రెట్టింపైనట్టు తోచదు. అడుగవలసినది, ఈ పెట్టె ఎన్ని డెసిబెల్ల ధ్వని ఇచ్చును, ఏ హెర్ట్జ్ వరకు దిగును అని. దిగుట అను మాటలోను మెలిక కలదు. 3 డెసిబెల్లు తగ్గు చోటు వరకు లెక్కించిన కంపెనీ ఒకటి, 10 తగ్గు చోటు వరకు లెక్కించిన కంపెనీ ఒకటి. రెండవవాని పెట్టె కాగితముమీద ఎక్కువ లోతుగా కనబడును.

దుకాణమువాడు వెంటనే ఒక సినిమా పాట పెట్టెను. దుకాణములో గోడల నడుమ ఏ పెట్టె అయినను బ్రహ్మాండముగా మ్రోగును. నేను ఆ పాట ఆపించి, మైకు తీసికొని తెలుగులో మాటలాడితిని. సబ్‌వూఫర్ ఆపి ఒకసారి, నడిపి ఒకసారి. పెద్ద పెట్టెతో నా కంఠము కుండలోనుండి వచ్చినట్టుండెను. చిన్నదానితో, అది నడుచుచున్నదో లేదో నా మాటలో తెలియలేదు; పిల్లవాడు కీబోర్డుమీద ఎడమచెయ్యి వేయగానే తెలిసెను. "అయ్యగారూ, ఇదే" అనెను. చెయ్యి గిల్లినవాడు ఇంకను 3,000 వైపే చూచుచుండెను.

యాంప్లిఫయరు వేరు, పెట్టె వేరుగా కొందమా అను ఆలోచనయు వచ్చినది. వేరుగా కొన్నయెడల చెడినదానిని మాత్రమే బాగుచేయించుకొనవచ్చును. పాకాల బజారులోని మెకానిక్‌ను అడిగితిని. అతడు, "పాత ఆహూజా యాంప్లిఫయరంటే కండ్లు మూసుకొని ఇప్పుతా సార్. ఈ కొత్త బోర్డుల్లో సామాను ఆవగింజంత ఉంటుంది, నా చేత కాదు" అనెను. పవర్డ్ పెట్టెకు ఇది నిజమైన లోపము, దాచిపెట్టుట మంచిది కాదు. అయినను ఆదివారమునకొక పిల్లవాడు మీటలు త్రిప్పు సంఘములో, పెట్టెకు తగిన యాంప్లిఫయరు లోపలనే ఉండి, హద్దు మీరినప్పుడు తనంతట తానే తగ్గించుకొను ఏర్పాటు ఉండుట మేలని తలంచితిమి. తిరుపతిలోనో చెన్నైలోనో సర్వీసు సెంటరు ఉన్న కంపెనీదే, రసీదుతో, వారంటీతో కొంటిమి.

కరెంటును గూర్చి ఒక్కమాట గట్టిగా చెప్పవలెను. స్పీకరులో గుర్రుమను శబ్దము వచ్చినప్పుడు ప్లగ్గులోని మూడవ పిన్ను, అనగా ఎర్త్ పిన్ను, పీకివేయు అలవాటు మన పల్లెలలో కలదు. శబ్దము పోవచ్చును, దానితోకూడ మైకు పట్టుకొన్నవాని ప్రాణము పోవచ్చును. అట్లు ఎన్నడును చేయకుడి. మిక్సరు, స్పీకర్లు, కీబోర్డు అన్నియు సరియైన ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుండి కరెంటు తీసికొన్నయెడల ఆ గుర్రు చాలవరకు అణగును. ఇన్వర్టరు వాడువారు సైన్ వేవ్ రకమునే వాడుడి.

మా మందిరపు ఉత్తరపు గోడకు ఆనుకొని ఒక అవ్వ నివసించుచున్నది. మన సంఘస్థురాలు కాదు. పెట్టె కొనకమునుపే ఆమె అరుగుమీద కూర్చుండి, "అవ్వా, మా పాటలు నీకు ఇబ్బందిగా ఉన్నాయా?" అని అడిగితిని. "పాటలు ఏం చేస్తాయి నాయనా, వింటా పడుకుంటా. ఆ మధ్య వీధిలో పెండ్లికి తెచ్చిన పెట్టెలకు మాత్రం మంచం అదిరిపాయ. గుండె చేత్తో పట్టుకోని కూర్చున్నా" అనెను. ఆమె చెప్పినది శాస్త్రము. పై స్వరములను గోడ ఆపును. అడుగు స్వరములు గోడను కదిలించి అవతలికి పోవును. మనము లోపల పాట విందుము, పొరుగువారు దెబ్బలు మాత్రమే విందురు.

ఈ సంగతి న్యాయస్థానమువరకు పోయినది. చెన్నైలో చర్చ్ ఆఫ్ గాడ్ ఫుల్ గాస్పెల్ ఇన్ ఇండియా అను సంఘమునకును, కె.కె.ఆర్. మెజెస్టిక్ కాలనీ సంక్షేమ సంఘమునకును వ్యాజ్యెము నడిచి, 2000వ సంవత్సరము ఆగస్టు 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. ఇతరుల నెమ్మదిని చెరిపి, మైకులతోను డ్రమ్ములతోను ప్రార్థన చేయవలెనని ఏ మతమును విధింపలేదని ఆ తీర్పు సారాంశము. ఆ సంవత్సరమే కేంద్ర ప్రభుత్వపు శబ్ద కాలుష్య నియమములు వచ్చినవి. నివాస ప్రాంతములలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్లు మితి. బహిరంగ స్థలములలో రాత్రి 10 గంటలు మొదలు ఉదయము 6 గంటల వరకు లౌడ్‌స్పీకరు నిషేధము. క్రైస్తవులమైన మనము ఆ తీర్పును చదివి నొచ్చుకొనుటకంటె, ఆ కాలనీలో నిద్రపట్టని ఇండ్లను తలంచుకొనుట మంచిదని నా అభిప్రాయము.

చట్టపు మితిలో ఉన్నాము గదా అని ధైర్యపడుటకును వీలులేదు. ఆ మీటరు మనుష్యుని చెవి స్వభావమును అనుసరించి అడుగు ధ్వనులను తగ్గించి లెక్కించును. 50 హెర్ట్జ్ ధ్వనిని 30 డెసిబెల్లు, 100 హెర్ట్జ్ ధ్వనిని 19 డెసిబెల్లు తక్కువగా వ్రాసికొనును. మీటరులో మనము నిర్దోషులుగా కనబడుచుండగానే అవ్వ మంచము అదరవచ్చును. కావున ఆమె మంచమునే మీటరుగా ఎంచుకొంటిమి.

పెట్టెను ఎక్కడ ఉంచవలెను? మూలను చేర్చినయెడల గోడల సహాయముచేత ధ్వని ఊరకయే హెచ్చును. చిన్న పెట్టెకు అది వరము. ఉత్తరపు మూల అవ్వది గనుక దక్షిణపు మూలను, వేదిక ప్రక్కన, నేలమీద ఉంచితిమి. సబ్‌వూఫర్‌ను ఎత్తున పెట్టనక్కరలేదు. ఆ ధ్వని బెంచీలను, మనుష్యులను చుట్టుకొని పోవును. 50 హెర్ట్జ్ ధ్వని తరంగము సుమారు ఏడు మీటర్లు, అనగా మా మందిరము వెడల్పంత. అందుచేత ఆ స్వరము గోడలయొద్దను నడుమను ఉబ్బి, గోడకును నడుమకును మధ్య బెంచీలలో సన్నగిల్లును. పిల్లవానిచేత ఒకే స్వరము పట్టించి మందిరమంతయు నడిచి చూచితిమి. పెట్టెను రెండు అడుగులు జరిపినందుకు కొంత సరిపడెను. వెనుకనున్న ఫేజ్ మీటను ఇటు అటు వేసి, బేస్ నిండుగా వినబడు వైపున వదిలితిమి.

మిగిలినది ఎంత హెచ్చింపవలెను అనునది. దీనికి పెద్దాయనను పిలిచితిమి. ఆయన ఎప్పటి బెంచీమీద కూర్చుండెను. ఎరిగిన వాక్యమైతే ఊహించి చెప్పును గనుక, నెహెమ్యా గ్రంథము 3వ అధ్యాయములో గోడ కట్టినవారి పేర్లను చదివితిని. వాటిని ఎవరును ఊహింపజాలరు. కీబోర్డు మెల్లగా వెనుక మ్రోగుచుండ, ఇరువది పేర్లు చదువగా ఆయన తిరిగి చెప్పవలెను. సబ్‌వూఫర్ లేనప్పుడు, పాత పద్ధతిలో, పదకొండు పట్టెను. బరువు పంచి, బేస్ తగుమాత్రము ఉంచినప్పుడు పదునాలుగు. పిల్లకాయలకు ఇష్టమైనంత హెచ్చించినప్పుడు ఏడు. ఏడవ పేరు దగ్గర ఆయన, "ఇంక చాలించు అయ్యగారూ, బండి వస్తా ఉన్నట్టుంది" అనెను. పిల్లకాయలే నవ్వి మీటను వెనుకకు త్రిప్పిరి. ఆ సమయమున అవ్వ ఇంటికి ఒకరిని పంపితిమి. మంచము కదలలేదని వార్త వచ్చెను.

పదునాలుగు పేర్లు వినబడిన చోట, ఆదివారపు బడి ఉపాధ్యాయురాలు తన గోళ్ల రంగుతో మీటకు ఎఱ్ఱగీత గీచినది. క్రిస్మసుకు ముందు ఆ గీతను కొంచెము దాటవచ్చునా అని యౌవనస్థులు అడిగిరి. పెద్దాయనను అడుగుమంటిని. వారు బైబిలు చంకబెట్టుకొని ఆయన ఇంటికి పోయిరి. ఈసారి నెహెమ్యా కాదు, దినవృత్తాంతముల మొదటి గ్రంథము తీసికొని పోయిరట.